పంచని లాభం

జనార్దనరావు పోయి రెండేళ్ళయినా ఇందిరాపురం ఫ్లాట్‌లో ఆయన దగ్గు మాత్రం పోలేదు. మధ్యాహ్నం వంటింట్లో ఉండగా బాల్కనీలోంచి వినిపించేది. నాగమల్లేశ్వరి ఉలిక్కిపడేది, ఆ వెంటనే ధైర్యం తెచ్చుకునేది. మొగుడు దెయ్యమైనా మొగుడేగా! ఏ పని తలపెట్టినా గాల్లోకి ఓ మాట అడిగి మరీ చేసేది.

ఈసారి అడగాల్సింది పెద్ద మాటే. ఘాజియాబాద్‌లో ఆయన, స్నేహితుడు రఘునందన్ కలిసి పెట్టిన పంపుల కంపెనీలో ఆమెకు పావు వాటా మిగిలింది. దాచుకున్నది కరిగిపోయాక, బతకడానికి ఆమెకు మిగిలిన ఆధారం అదొక్కటే. దాన్ని కొంటానని రఘునందన్ ఫోన్ చేశాడు. చెప్పిన ధర మరీ అన్యాయం.

"ఏళ్ళుగా డివిడెండే ఇవ్వని షేరుకు ఇంతకన్నా ఎవరిస్తారు వదినా?" అన్నాడు.

ఇవ్వకుండా ఆపిందీ అతనే, ఇవ్వలేదు కాబట్టి చవక అంటున్నదీ అతనే! ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

పై అంతస్తులో ఉండే వైశాలి చార్టర్డ్ అకౌంటెంట్. ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది.

"పంచని లాభం ఎక్కడికీ పోలేదాంటీ, కంపెనీలోనే ఉంది. బయటికొస్తే పుచ్చుకున్నవాళ్ళ మీద ట్యాక్స్ పడుతుంది. పెద్ద ఆదాయం ఉన్న రఘునందన్ అంకుల్‌కి రూపాయిలో మూడో వంతు పోతుంది, అందుకే పంచరు. మీకు వేరే ఆదాయం లేదు, దాదాపు అంతా చేతికొస్తుంది. ఆయన లెక్క ప్రకారం అమ్మితే మునిగిపోతారు."

మర్నాడు ఆమె ఫ్యాక్టరీకి వెళ్ళి రఘునందన్‌ను నిలదీసింది. "మీ స్నేహితుడే ఉంటే నాకీ గతి పట్టనిచ్చేవారా?"

అతను తల దించుకున్నాడు. "అచ్ఛా, వినండి వదినా. పంచొద్దన్నది వాడే. ట్యాక్స్ కంపెనీకి బదులు మన నెత్తిన పడే రూల్ వచ్చిన ఏడాది, 'జీతాలొస్తున్నాయిగా, లోపలే ఉండనీరా' అన్నాడు. తను పోతే జీతం ఆగిపోతుందని వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు."

ఇన్నాళ్ళూ ఎవరు అండగా ఉన్నారనుకుందో ఆయనే ఆమె నోటి దగ్గరి కూడు తీసి దాచిపెట్టి పోయాడు. పెళ్ళాం ఒకతి ఉందన్న సంగతే మరిచిపోయాడు. ఆ మరుపే ఎక్కువ బాధపెట్టింది.

"వాడి మాటే నడుపుతున్నాను. కాదంటారా?"

"కాదంటాను. లోపలున్న డబ్బు కూడా కలిపి ధర కట్టండి, లేదా పంచండి. ఈ ధరకు నేనమ్మను."

ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది. ఎంతసేపైనా బాల్కనీలోంచి దగ్గు వినిపించలేదు.

"అలిగారా?" అంది బాల్కనీ వైపు చూస్తూ.

ఎవరూ పలకలేదు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండాలంటే ఆమెకు మొదటిసారి భయమేసింది.