మైకు నా చేతికొచ్చిన ఏడు

ఆ రోజుల్లో మంచిర్యాలలోని మా బస్తీకి పండుగ వచ్చిందని క్యాలెండర్ కంటే ముందు మైకు చెప్పేది. పొద్దున్నే "హలో, మైక్ టెస్టింగ్" అని వినబడితే చాలు, ఏ పండుగో తర్వాత తెలుసుకోవచ్చని ముందు తలస్నానం చేసేవాళ్లం. ఉగాదికి పంచాంగం, శ్రీరామనవమికి దేవుడి లగ్గం, వానలు పడ్డాక పోచమ్మ బోనాలు, పంద్రాగస్టు జెండా, వినాయకుడు, బతుకమ్మ, దసరా. అన్నింటికీ మైకు ఒక్కటే, పట్టుకునే చెయ్యీ ఒక్కటే. ఆ చెయ్యి మా పెద్దబాపుది, అంటే మా బాపుకు వరుసకు అన్న, బస్తీ యువజన సంఘం అధ్యక్షుడు. (అరవై దగ్గర పడుతున్న మనిషికి యువజన సంఘమేమిటని అడగకండి. మేమెవరమూ అడగలేదు.) ఆ మైకు నాకు కావాలి. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను, ఫోన్లో యాంకర్లను చూసి అద్దం ముందు దువ్వెన పట్టుకుని గంటలు గంటలు మాట్లాడేదాన్ని. గొంతంటారా, నేను ఇంట్లో చాయ్ అడిగితే రైల్వే స్టేషన్లో పోసి పెడతారని మా అవ్వ, అంటే మా అమ్మ, అనేది.

ఆ ఏడు ఉగాది నుంచే పెద్దబాపు వెంటపడ్డాను. శ్రీరామనవమికి అడిగితే, దేవుడి లగ్గం పద్ధతిగా జరగాలన్నాడు. (అంతకు ముందేడు అదే లగ్గంలో జనకుడి పేరు గుర్తురాక "గౌరవనీయులైన పిల్ల తండ్రిగారు" అని పద్ధతిగా పిలిచింది ఈయనే.) పంద్రాగస్టుకు అడిగితే అది దేశం పని అన్నాడు. వినాయకుడి మండపం దగ్గర మాత్రం, మగపిల్లలంతా డ్యాన్సుల్లో మునిగి ఉండగా ఒక చిన్నపిల్లవాడు తప్పిపోయి దొరికితే, ఆ ఒక్క ముక్క చెప్పమని మైకు చేతికిచ్చాడు. ఎర్ర అంగీ పిల్లవాడు ఇక్కడున్నాడు, వచ్చి తీసుకెళ్లండి అంటే అయిపోయేది. నేను వాడి అంగీ నుంచి మొదలుపెట్టి, ఏడుపు మీదుగా, పిల్లల పెంపకం దాకా వెళ్లాను. వాళ్లమ్మ వచ్చి, వాణ్ని తీసుకెళ్లి, అన్నం పెట్టి పడుకోబెట్టినా నేనింకా ఆమెను పిలుస్తూనే ఉన్నానట. మైకు లాక్కున్నారు.

అలాంటిది సద్దుల బతుకమ్మ నాడు పెద్దబాపే పిలిచి మైకిచ్చాడు. ముఖ్య అతిథిగా ఒక నాయకుడు వస్తున్నాడు, ఆడవాళ్ల పండుగ కాబట్టి ఆడగొంతు ఉండాలని ఆయన మనుషులు ఫోన్ చేశారట. స్టేజీ మీద ఉపన్యాసాలకు స్టాండు మైకు, కింద నా చేతికి వైరు లేని మైకు. ఇస్తూ ఇస్తూ షరతు కూడా పెట్టాడు.

"పెద్దసారు మాట్లాడి దిగేదాక ఒక్కలు సుత పాట ఎత్తద్దు. ఎత్తిండ్రా, ఇగ ఈ జన్మల నీకు మైకు లేదు."

తలూపాను. మైకిస్తానంటే బావిలో దూకమన్నా ఊపేదాన్ని. ఇంకో పని కూడా అప్పజెప్పాడు. ఫోటోల్లో పూలు నిండుగా పడాలట, అందుకని బతుకమ్మలన్నీ స్టేజీ చుట్టూ ఆనించి పెట్టించమన్నాడు. సారు ఎక్కడానికి మెట్ల దగ్గర ఇంత సందు వదిలి, చుట్టూ గట్టు కట్టినట్టు పెట్టించాను. సౌండు పెట్టెలు నడిపే చాచా (మసీదు గల్లీలో ఉండేవాడు, మా పండుగలన్నింటికీ ఆయనే) తన మిషన్ స్టేజీ కిందే ఉంచి చాయ్ తాగడానికి వెళ్లాడు.

సారు రాలేదు. ఇదిగో వంతెన దాటారు, అదిగో మలుపు తిరిగారు అని నేను చెబుతూనే ఉన్నాను. తంగేడు పూలు వాలిపోతున్నాయి, పిల్లలు ప్రసాదం సత్తుపిండి డబ్బాల మూతలు తీసి వాసన చూస్తున్నారు. వెలుతురుండగా గోదావరికి పోవాలి. మోకాళ్ల నొప్పులతో మా అవ్వ అటు కాలూ ఇటు కాలూ మార్చుకుంటూ నిలబడి ఉంది. చివరికి సారు వచ్చాడు, సందులోంచి స్టేజీ ఎక్కాడు, శాలువాలు కప్పించుకున్నాడు. పెద్దబాపు మాట్లాడాడు, వెంట వచ్చినవాళ్లు మాట్లాడారు, తర్వాత సారు లేచి బస్తీ మోరీల నుంచి, అంటే మురుగు కాలువల నుంచి మొదలుపెట్టి ఎంతకీ మోరీలు దాటడం లేదు. నాకు ఒళ్లు మండింది. పూలు ఏరింది వీళ్లు, పేర్చింది వీళ్లు, తమ పండుగ తాము ఆడుకోవడానికి ఎవరి సెలవు కోసమో నిలబడిందీ వీళ్లే. అందరినీ ఆగమని చెబుతున్నదేమో నేను!

అప్పుడొచ్చింది పెద్దవ్వ, పెద్దబాపు భార్య. సారు వెంట వచ్చినవాళ్లందరికీ పూరీలు చేసేసరికి ఆమెకు అంత ఆలస్యమైంది. నెత్తి మీది బతుకమ్మను దింపి, చోటు కోసం చూసి, మెట్ల దగ్గర మిగిలిన ఆ సందులో పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఏం సూస్తున్నవ్? పొద్దు గూకుతుంది. ఎత్తు బిడ్డా."

ఎత్తాను. మైకులోనే ఎత్తాను. ఉయ్యాలో అనేసరికి చప్పట్లు పడ్డాయి, స్టేజీ చుట్టూ వలయం తిరగడం మొదలైంది. స్టాండు మైకులో మోరీలు, నా మైకులో పాట కాసేపు పోటీ పడ్డాయి, తర్వాత మోరీలు ఓడిపోయాయి. నా మైకు బంద్ చెయ్యమని పెద్దబాపు పైనుంచి చాచాకు చేతులు ఊపుతున్నాడు. చాయ్ తాగి వచ్చిన చాచా బతుకమ్మల ఇవతలే ఆగిపోయాడు.

"ఎట్ల రావాలె సాబ్? అమ్మవారిని దాటుడు నాతోని కాదు."

బతుకమ్మను ఎవరూ దాటరు. సారు ఒకసారి కాలెత్తాడు. అందరూ పాట ఆపకుండానే ఆ కాలు వైపు చూశారు. ఆయన కాలు దించి, వెళ్లి కుర్చీలో కూర్చుని, ఫోటోగ్రాఫర్ ఉన్నాడని గుర్తొచ్చి చప్పట్లు కొట్టాడు. పెద్దబాపు మెట్ల దాకా వచ్చి, అడ్డమున్నది ఎవరి బతుకమ్మో చూసుకుని, వెనక్కి వెళ్లాడు. మేం తనివితీరా ఆడాం. అవ్వ మోకాళ్ల సంగతి మరిచిపోయి ఆడింది. బతుకమ్మలు నెత్తికెత్తుకుని గోదావరికి బయల్దేరితే గానీ స్టేజీ మీదివాళ్లు దిగలేకపోయారు. దిగగానే పెద్దబాపు నా చేతిలో మైకు తీసేసుకున్నాడు.

దసరా నాడు జమ్మి ఆకు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మాటల్లేనివాళ్లయినా ఆ రోజు జమ్మి ఇచ్చి కాళ్లు మొక్కాల్సిందే. పెద్దబాపు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ఒక బేరం పెట్టాడు.

"తప్పయిందని ఒక్క మాట అను. ఉగాదికి మైకు నీదే."

నిజం చెప్పొద్దూ, నోట్లో నీళ్లూరాయి. ఏడాదంతా దానికోసమే తిరిగాను మరి. కానీ నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"పాటెత్తుడు తప్పెట్లయితది పెద్దబాపూ? మైకు మీ దగ్గర్నే ఉండనీయుండ్రి."

ఉంచుకున్నాడు. మళ్లీ ఏ పండుగకూ నాకివ్వలేదు. కాకపోతే మరుసటి బతుకమ్మకు మా బస్తీలో స్టేజీ వెయ్యలేదు, తర్వాతా వెయ్యలేదు.

ఇప్పుడు కరీంనగర్‌లో ఉద్యోగం. ఆఫీసుకు ఎవరో ఒక పెద్దాయన వస్తాడని బొకే పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతాను. ఆలస్యమైందమ్మా అని ఆయనంటే, పర్లేదు సార్ అంటాను, అదీ ఎవరికీ వినబడనంత మెల్లగా. అప్పుడు ఆ డిగ్రీ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. ఆమె ఎదురైతే మాత్రం ఆ బొకే ఎక్కడ దాచాలో నాకు తెలియదు.