నా ఇంకో పేరు కొట్టు

మా చిన్నప్పుడు శనివారం పొద్దున... అమెరికాలో మా ఊరు పార్సిప్పనీ సాకర్ గ్రౌండ్ పక్కన అందరి అమ్మానాన్నలూ మడత కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతుంటే, మా నాన్న ఒక్కరే మంకీ క్యాప్ పెట్టుకుని గీత వెంబడి నాతో పాటు పరుగెత్తేవారు. "కొట్టు... కొట్టు తల్లీ, కొట్టు!"

సాకర్‌లో బంతిని కాలితో తంతారని ఆయనకి తెలియక కాదు... క్రికెట్ ఆడి పెరిగిన మనిషికి ఏ బంతైనా కొట్టాల్సిందే. నయం... సరిగ్గా "తన్ను" అని అరిచి ఉంటే నా గతి ఏమయ్యేదో.

ఎందుకంటే టీమ్‌లో పిల్లలందరూ ఆ అరుపే నా ముద్దుపేరు అనుకున్నారు. నా అసలు పేరు పలకలేక అప్పటికే అవస్థ పడుతున్నారు మరి. కొన్నాళ్ళకి కోచ్ కూడా "కొట్టూ, నువ్వు దిగు" అనడం మొదలుపెట్టాడు. నేను సరిదిద్దలేదు. నాకు నచ్చింది.

తొమ్మిదో తరగతిలో స్కూల్ టీమ్‌కి సెలెక్షన్ జరిగింది. నాతో ఆడినవాళ్ళందరినీ తీసుకున్నారు... నన్ను తప్ప. పొట్టిగా ఉన్నానట, స్పీడ్ చాలదట.

కింద అపార్ట్‌మెంట్ ఆంటీ అమ్మని ఓదార్చడానికి వచ్చింది. "పోన్లే వదినా, ఒకందుకు మంచిదే అయింది. ఎండకి పిల్ల ఎలా అయిపోయిందో చూడు... ఆ మోకాళ్ళేంటి అసలు? టెన్నిస్‌లో జాయిన్ చేయి, నీట్‌గా ఉంటుంది. కాలేజ్ అప్లికేషన్‌లో కూడా బాగుంటుంది."

అమ్మ అక్కడికక్కడే ఒప్పుకుంది, ఒక షరతు మీద. అదీ రాకపోతే ఇక ఆటలన్నీ కట్టిపెట్టి చదువు చూసుకోవాలి. ఆ షరతుకి తలూపింది వాళ్ళిద్దరే. నేను ఊపలేదు.

అలా టెన్నిస్... నాన్న లాండ్రీ బుట్ట నిండా పాత బంతులు తెచ్చి, కాంప్లెక్స్ వెనక కోర్టులో ఒక్కొక్కటీ విసిరేవారు. కొట్టేదాన్ని. సగం పార్కింగ్‌లో కార్ల మీద పడేవి.

మొదటి స్కూల్ మ్యాచ్ రోజున నాన్న అలవాటుగా కంచె అవతల నుంచి "కొట్టు" అన్నారు. అవతలి టీమ్ కోచ్ వచ్చి, టెన్నిస్‌లో బయటి నుంచి ఆట చెప్పకూడదు, ఏ భాషలోనైనా సరే, అని మర్యాదగానే చెప్పాడు. నాన్న సారీ చెప్పి ఊరుకున్నారు. కంచె పట్టుకున్న ఆయన వేళ్ళు బిగుసుకుపోవడం నాకింకా గుర్తు.

మొదటి సెట్ ఆరు-సున్నాతో పోయింది. ఆ సున్నాని టెన్నిస్‌లో లవ్ అంటారు... ఆ పేరు పెట్టినవాళ్ళు ఎప్పుడూ ఓడి ఉండరు.

అమ్మ షరతు చెవిలో మోగుతోంది... సరిగ్గా అప్పుడే పక్క గ్రౌండ్‌లో సాకర్ ప్రాక్టీస్ అయిపోయింది. మా పాత పిల్లలు నన్ను చూశారు. బురద బూట్లతో వచ్చి కంచె పొడుగునా వరుసగా నిలబడ్డారు. "కమాన్ కొట్టూ! కొట్టూ!"

ఆ కోచ్ మళ్ళీ వచ్చాడు. ఇందాక తను వద్దన్న మాట ఇదే కదా అన్నాడు. ఆ సాకర్ పిల్లల్లో మా ఎమ్మాకి ఏమీ అర్థం కాలేదు. "అది తన పేరండీ" అంది.

అతను నా వైపు తిరిగాడు.

"అవును. నా పేరే" అన్నాను.

నాన్న మంకీ క్యాప్ ముఖం మీదకి లాక్కుని అటు తిరిగారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

రెండో సెట్ కూడా పోయింది. కానీ సున్నాతో కాదు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పేశాను... ఈ సీజన్ పూర్తిచేస్తాను, వచ్చే ఏడాది మళ్ళీ సాకర్ సెలెక్షన్‌కి వెళ్తాను. "మళ్ళీ తీసుకోకపోతే?" అంది అమ్మ. ఆ పై ఏడాది వెళ్తానన్నాను.

అచ్చం అలాగే జరిగింది. పదిలో మళ్ళీ తీసుకోలేదు. పదకొండో తరగతిలో తీసుకున్నారు. ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాననుకోండి... అయినా టీమ్ జాకెట్ మీద పేరు కుట్టిస్తామన్నప్పుడు ఏం కుట్టించుకున్నానో వేరే చెప్పాలా.

ఇప్పుడు టీవీలో రెండు సెట్లు పోగొట్టుకున్న మనిషి మోకాలికి కట్టుతో సర్వీస్‌కి వస్తే, గౌరవంగా తప్పుకోవాల్సిందని కామెంటరీలో అంటారు. ఎవరి గౌరవం అండీ? మూడు గోల్స్ వెనకబడి కూడా ఆఖరి నిమిషంలో బంతి కోసం పరుగెత్తే పిల్లని చూసి, ఇంకెందుకు అని ఆఫీస్‌లో నవ్వుతారు. ఎందుకేంటి, ఆట ఇంకా అయిపోలేదు కాబట్టి. నేను మాత్రం సోఫా ఎక్కి నా పేరు నేనే అరుస్తుంటాను.

మొన్న ఆ పాత గ్రౌండ్‌కి వెళ్ళాను. గీత పక్కన సగం మంది మనవాళ్ళే... అందరూ ఫోన్లు ఎత్తి నిశ్శబ్దంగా వీడియో తీస్తున్నారు. గీత వెంబడి పరుగెత్తే నాన్న ఒక్కరూ లేరు. ఒక పిల్ల గోల్ ముందు బంతి కాలి దగ్గర పెట్టుకుని దిక్కులు చూస్తోంది...

ఆగలేక అరిచేశాను. ఆ పిల్లకి తెలుగు వచ్చో రాదో... కొట్టింది.

మీకు గీత బయట నిలబడి ఎవరు అరిచేవారు... ఏమని? కింద రాయండి. కాస్త గట్టిగా రాయండి.