తీతువు కాళ్లు

మార్కాపురంలో నాది నోటుపుస్తకాల దుకాణం. పిల్లలు పలకలు కొనడం మానేశాక పరీక్షల గైడ్లు, జెరాక్సులు మిగిలాయి. అవి అమ్మీ అమ్మీ నాకే విసుగొచ్చింది. పిట్టల పుస్తకం కావాలని నన్నడిగిన మొదటి మనిషి ఏబేలన్న.

ఇరవై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో కోత పని చేశాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. డాక్టరు ఆ పని మానేయమంటే కంభం పోయి, చెరువుకట్ట కింద బావమరిది మేకల్ని కాస్తున్నాడు. మేకలు మేస్తుంటే చేసేదేముంది, పిట్టల్ని చూశాడు. ఆరేళ్లు చూశాడు. ఇప్పుడు ఫారెస్టు వాళ్లు, చలికాలంలో చెరువుకు వచ్చే పిట్టల్ని లెక్కపెట్టడానికి, చూడవచ్చిన వాళ్లకు చూపించడానికి ఒక మనిషిని జీతం మీద పెట్టుకుంటారట. పుస్తకంలో బొమ్మ చూపిస్తే పేరు చెప్పాలి.

"మేకల ఎంబడి ఉరకలేకున్నానమ్మా. ఈ పనైతే ఒకచోట నిలబడి చూసేదే గదా," అన్నాడు. ఆ రెండు ముక్కలకే మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

విజయవాడ నుంచి మూడు పుస్తకాలు తెప్పించాను. ఏబేలన్న వచ్చి నా కళ్లజోడు అడిగి పెట్టుకున్నాడు. మూడింట్లోనూ వేరే పేజీ చూడలేదు, తీతువు దగ్గరే ఆగాడు. అది అరిస్తే చావు కబురని మా వైపు జనం హడలిపోతారు. అలాంటి పిట్టతో బేరం మొదలుపెట్టే మనిషిని ఇతన్నే చూశాను.

అన్నిట్లోకి లావుపాటి పుస్తకాన్ని ముందు పక్కన పెట్టేశాడు. "కాళ్లు ఎర్రగా ఏసినారు. పసుప్పచ్చగుంటాయి."

రెండోదాంట్లో ఫోటో. పిట్ట గుడ్ల మీద కూర్చుంది, కాళ్లే కనబడవు. మూడోది సన్నటిది, అట్ట కూడా మెత్తనిది. అందులో కాళ్లు పసుప్పచ్చగా ఉన్నాయి.

"ఇదియ్యమ్మా."

నాకు చిర్రెత్తింది. "అన్నా, లావుదాంట్లో వెయ్యి పిట్టలున్నాయి. ఒక్క పిట్ట కాళ్లు చూసి వద్దంటావేంది?"

"పలక కూడా అంతే గదమ్మా. ఒక మూల కొట్టి చూస్తాం. బొంగురుగా పలికితే పలకంతా తీసి పారేస్తాం. నాకు తెలిసిన పిట్ట కాడే అబద్ధం చెప్పే పుస్తకం, తెలియని పిట్ట కాడ నిజం చెప్తాదా?"

ఆ సన్నటి పుస్తకమే కాగితం చుట్టి ఇచ్చాను.

నెల తిరిగాక మళ్లీ వచ్చాడు. మెట్టు మీదే కూర్చుండిపోయాడు. నీళ్లిచ్చాను.

"పేర్లన్నీ చెప్పినానమ్మా, ఒక్కటీ తప్పుపోలేదు. ఆ తర్వాత కట్ట ఆ కొస దాకా నడిచి చూపియ్యమన్నారు. మొదటి తూము కాడ కూలబడినాను."

అర్ధవీడు అమ్మాయి, ఫెబీ అట, ఆమెను తీసుకున్నారు.

"మంచి పిల్లే, గబగబ నడుస్తాది. పిట్టలే తెలీవు." సంచిలోంచి పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టాడు. "సోమవారం లావు పుస్తకం కొనేదానికి నీ కాడికే వస్తాదంట. అది ఇయ్యబాక, ఇది ఇయ్యి. డబ్బులు తీసుకోబాక."

నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు. అతను బస్సుకు పోయాక పుస్తకం తెరిచాను. ప్రతి బొమ్మ పక్కనా పెన్సిలుతో ఆ పిట్టను మన ఊళ్లలో పిలిచే పేరు, అది చెరువులో ఏ వైపు దొరుకుతుందో రాశాడు. తీతువు పేజీలో మాత్రం పేరు లేదు.

"గుడ్లు నేల మీదే పెడతాది, రాళ్ల మాదిరి ఉంటాయి. చూసి నడువమ్మా" అని ఉంది.