కాశయ్య సారు నోరు విప్పని రోజు

మొన్న కొనకనమిట్ల దగ్గర ఒక కందిచేనుకు హద్దులు కొలుస్తుండగా సన్నటి జల్లు పడింది. అప్పుడే పోసిన సున్నపు గీత తడిసి, ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. కాశయ్య సారు చొక్కా ఎప్పుడూ అదే వాసన వేసేది. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఏళ్లు, ఆయన నన్ను వెళ్లగొట్టిన రోజు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

కాశయ్య సారు మార్కాపురంలో లైసెన్సు ఉన్న ప్రైవేటు సర్వేయరు. పొలాలు, ఇళ్ల స్థలాలు కొలిచి ప్లాన్లు గీసి ఇచ్చేవారు. పలకల గోడౌను పక్కన ఒక్క గదే ఆయన ఆఫీసు. గిద్దలూరులో సైకిల్ దుకాణం నడిపే మా నాయన, డిప్లొమా చదివి ఇంట్లో కూర్చున్న నన్ను తెచ్చి ఆయనకు అప్పగించాడు. ఆడపిల్ల ఎండలో చేలవెంట ఎట్లా తిరుగుతుందని సారు అడగలేదు. మంచి టోపీ ఒకటి కొనుక్కోమన్నారు, అంతే.

మొదట్లో వెలిగండ్ల వైపు ఒక పొలానికి వెళ్లాం. పక్క పొలాలవాళ్లు వచ్చి నిలబడేదాకా సారు పని మొదలుపెట్టలేదు. మమ్మల్ని పిలిపించిన రైతు మధ్యాహ్నానికి కోడి కూర వండించాడు. సారు ఆయనకు దండం పెట్టి, తన క్యారియర్ విప్పుకుని గట్టుమీద కూర్చున్నారు. ఆ రైతు చిన్నబుచ్చుకున్నాడు, నాకు సిగ్గేసింది. తిరిగొచ్చేటప్పుడు అదే అడిగాను. “వాళ్ల కూర తిని, పక్క చేనాయన మొకం ఎట్ల చూస్తామమ్మా” అన్నారు. ఆయనకు ఇంకో రెండు పట్టింపులు ఉండేవి. ఒక తగాదాలో ఒక పక్షానికి కొలిస్తే, రెండో పక్షానికి ఏనాడూ కొలవకూడదు. పని ఇచ్చినవాడు ఆఫీసు గదిలో చెప్పిన మాట గడప దాటకూడదు. డాక్టరుకు రోగం చెప్పుకున్నట్టు మనకు భూమి సంగతి చెప్పుకుంటారనీ, అది బయటికి పోతే రేపు నిజం చెప్పేవాడే ఉండడనీ అనేవారు. ఆ మాటలు నాకు వేదంలా ఉండేవి.

పెద్దదోర్నాల రోడ్డు మీద ఒక వ్యాపారి పొలం కొని, ప్లాట్లు వేసి అమ్మడానికి మమ్మల్ని కొలవమన్నాడు. కొలిస్తే ఆయన కంచె పక్కవాళ్ల నేలలోకి జరిగి ఉంది. ఆ పక్క నేల దానమ్మది. భర్త పోయాక కూలికి వెళ్తూ, ఆ కాస్త పొలాన్ని కాపాడుకుంటూ వస్తున్న మనిషి. కంచె మింగిన ముక్కే ఆమెకు రోడ్డు మీదికి దారి. ఆఫీసు గదిలో సారు ఆ సంగతి చెప్పగానే వ్యాపారి ఏమీ తడబడలేదు. నా ముందే అన్నాడు. “ఆ ముక్క దానమ్మదేనని కొనకముందే నాకు తెలుసు కాశయ్యన్నా. నువ్వు కంచె ఉన్నకాడ గీత గీయి. ఒంటి ఆడమనిషి, ఆమె ఏం చేస్తాది?”

ఈ పని తనకొద్దని సారు లేచి నిలబడ్డారు. ప్లాను గీయలేదు, సంతకం పెట్టలేదు. అక్కడిదాకా ఆయన నాకు దేవుడు.

కొద్దిరోజులకు దానమ్మ మా ఆఫీసుకు వచ్చింది. మేము ఆ పొలంలో కొలవడం ఆమె చూసింది. తన హద్దు ఎక్కడుందో చెప్పమని అడిగింది. తాను ఆ పక్షానికి కొలిచినవాణ్ణి గనుక ఆమెకు చెప్పకూడదనీ, మండలాఫీసులో దరఖాస్తు పెట్టుకోమనీ సారు నెమ్మదిగా చెప్పారు. ఆమె కొంగు దులుపుకుని లేచింది. “నువ్వు గూడా వాళ్లకాడ చేరినావా అన్నా” అని మాత్రం అని వెళ్లిపోయింది. ఆమె వెనకాలే వెళ్లి చెప్పేస్తానని నేను లేచాను. సారు కూర్చోమన్నారు.

దరఖాస్తు మండలాఫీసులో పడి ఉండగానే, వ్యాపారి ఇంకొకరి చేత కంచె ప్రకారం ప్లాను గీయించుకున్నాడు. మొదట కాశయ్యే కొలిచి సరేనన్నాడని ఊరంతా చెప్పుకున్నాడు. దానమ్మ అది నమ్మింది. కాశయ్య లంచం తిని తన నేల రాసిచ్చాడని ఫిర్యాదు పెట్టింది.

విచారణకు నేనూ వెళ్లాను. అసలు ఏం జరిగిందని అధికారి అడిగితే, పని వదులుకున్నానని మాత్రమే సారు చెప్పారు. ఎందుకు వదులుకున్నావంటే తల వంచుకుని నిలబడ్డారు. వ్యాపారి పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను ఆగలేకపోయాను. గదిలో విన్నది విన్నట్టు చెప్పేశాను. తన యజమానిని కాపాడుకోవడానికి ఈ పిల్ల అల్లిన కథ అని వ్యాపారి నవ్వాడు. అధికారి సారు వైపు తిరిగి, ఇది నిజమేనా అని అడిగారు. ఆయన అవునని ఒక్క మాట అంటే చాలు. దానమ్మ కూడా ఆయన నోటి వైపే చూస్తోంది.

“ఆ గదిలో మాటలు నేను చెప్పను సార్. ఆ పాప గూడా చెప్పకూడదు.”

నోరు విప్పకపోతే ఫిర్యాదు నిజమైనట్టేనని అధికారి రాసుకున్నారు. సారు లైసెన్సు పోయింది. బయటికొచ్చాక ఆయన నా వైపు చూడకుండానే, “రేపట్నుంచి నువ్వు రావొద్దమ్మా” అన్నారు. నా దగ్గరున్న ఆఫీసు తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాను. ప్రభుత్వ సర్వేయరు కొలతకు వచ్చేసరికి ప్లాట్లు రిజిస్ట్రేషన్ అయి, ఇళ్లకు పునాదులు లేచాయి. దానమ్మ నేల ఆ ఇళ్ల వెనక చిక్కుకుపోయింది. దారి లేని చేను ఎవరూ కౌలుకు కూడా అడగలేదు.

తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు. పోయారని తెలిసి వెళితే, ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, “నీ గురించి అడుగుతానే ఉండేవాడమ్మా. ఆ పాప చెప్పింది నిజమే గానీ చెప్పకూడదు అనేవాడు” అంది. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. తన లైసెన్సును ఆ నియమం కోసం వదులుకోవడం ఆయన ఇష్టం. దానమ్మ దారిని వదులుకునే హక్కు ఆయనకు ఎవరిచ్చారు?

ఇప్పుడు నా పేరు మీదే ఒక లైసెన్సు ఉంది. పొలానికి నా అన్నం నేనే తీసుకెళ్తాను. పక్కవాళ్లు రాకుండా కొలవను. ఒక పక్షానికి పని చేశాక రెండో పక్షానికి చెయ్యను. ఇవన్నీ ఆయనవే. ఒక్కటి మాత్రం నాది. వచ్చినవాళ్లు కూర్చోగానే, నోరు తెరవకముందే చెప్తాను. మీ సంగతులు నా దగ్గర భద్రంగా ఉంటాయి, పక్కవాళ్ల నేల మింగే మాటను మాత్రం నేను దాచను, అడిగినచోట చెప్తాను అని. కొందరు సరేనంటారు. కొందరు ఫోన్ వచ్చినట్టు లేచి బయటికి వెళ్లి, మళ్లీ కనిపించరు. అలా వెళ్లినవాళ్ల కుర్చీని సర్దుతున్నప్పుడల్లా, కాశయ్య సారు బతికుంటే నన్ను రెండోసారి కూడా వెళ్లగొట్టేవారని అనుకుంటాను.