తూర్పు వైపు ఆరు వందల మీటర్లు

పద్దెనిమిదేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ప్రైవేటు బడి మూతపడ్డాక కాకినాడలో నాకు మరో ఉద్యోగం దొరకలేదు. వ్యాకరణ పాఠాలు సరిచూసే పనికి హైటెక్ సిటీలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిస్తే, ముందురోజే మదీనాగూడలో చెల్లెలింటికి చేరాను.

పొద్దున్న ఎనిమిదికి బయలుదేరాను. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, తొమ్మిదింపావుకి రాయదుర్గంలో దిగాను. ఇంటర్వ్యూ తొమ్మిదిన్నరకి. మెయిల్లో దారి ఒకటే వాక్యం: స్టేషన్ నుంచి ‘ఈస్ట్‌వర్డ్’ ఆరు వందల మీటర్లు నడవండి. బళ్లో నేను ఏటా బోర్డు మీద రాసిన మాటే అది. ‘ఈస్ట్’ అంటే తూర్పు, ‘వర్డ్’ చేరితే తూర్పు వైపుగా అని. అదే ‘ఈస్టర్లీ’ గాలి అంటే మాత్రం తూర్పు నుంచి వచ్చేది. ఈ తేడా దగ్గర తికమకపడిన పిల్లల్ని కసురుకునేదాన్ని. తెలిసిన మాటే కదా అని ఫోన్లో మ్యాపు కూడా తెరవలేదు.

కాకినాడలో సముద్రం ఎటుంటే అటే తూర్పు. ఇక్కడ భవనాల మధ్య సూర్యుడు కళ్లు చెదిరేలా మెరుస్తుంటే అటే చకచకా నడిచాను. పది నిమిషాలు పోయాక తెలిసింది, అది అద్దాల గోడ మీద పడిన వెలుగని. అసలు సూర్యుడు నా వెనక, ఒక టవర్ చాటున ఉన్నాడు.

ఆటో ఆపి, “తూర్పు వైపు పోవాలండి” అన్నాను.

“తూర్పు గీర్పు నాకు తెల్వదమ్మా. ఫ్లైఓవర్ ఎక్కాల్నా, కిందికెల్లి పోవాల్నా, గది చెప్పుండ్రి.”

కంపెనీ పేరు చెప్పాను. “గదా? స్టేషన్‌కు అవుతల ఉంటది. గిటెందుకొచ్చిండ్రు?” అన్నాడు డ్రైవరు. ఎనభై రూపాయలు తీసుకున్నాడు. యూటర్న్ దగ్గరే పావుగంట పోయింది.

పది కావస్తుండగా చేరాను. హెచ్చార్ అమ్మాయి తల ఎత్తకుండానే, “సారీ అండి, మీ స్లాట్ వేరేవాళ్లకి ఇచ్చేశాం” అంది.

“సాయంత్రం దాకా కూర్చుంటానండి.”

“లిస్టు క్లోజ్ అయిపోయిందండి. దారి మెయిల్లో క్లియర్‌గానే రాశాం కదా, అర్థం కాలేదా?”

అర్థం నాకు బాగానే తెలుసు, తెలియనిది తూర్పు ఎటన్నదే. బయటికి వచ్చేశాను.

ఏసీ గదిలో కూర్చుని ఆ వాక్యం రాసినవాళ్లు ఒక్కసారైనా ఆ రోడ్డు మీద నడిచుంటారా అని కోపం వచ్చింది. కానీ పద్దెనిమిదేళ్లలో నేనైనా ఒక్క పిల్లవాణ్ణి బయటికి తీసుకెళ్లి తూర్పు ఎటో చూపించానా? అర్థం రాయలేదని మార్కులు కోశానంతే. మీరు ఇటు వచ్చే పనుంటే, స్టేషన్లో ఏ వైపు మెట్లు దిగాలో, పక్కన ఏ హోటలుందో ముందురోజే కనుక్కుని రాసుకోండి.