ఆదివారం మధ్యాహ్నం అడిగిన ప్రశ్నలు

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి, ఇంకా చీరైనా మార్చుకోకముందే మా అక్క మనవరాలు వచ్చింది. పెళ్ళయి ఏడాది దాటలేదు. ఆమె భర్త గేటు దగ్గర బండి ఆపి, దిగకుండానే వెళ్ళిపోయాడు; ఎండన పడి వచ్చాడు కదా, కాసిని మజ్జిగైనా ఇద్దామని నేను చెంబు పట్టుకుని బయటికి వచ్చేసరికి బండి వీధి మలుపు తిరిగింది. పిల్ల మాత్రం హుషారుగానే ఉంది. ఇక్కడే కరీంనగర్‌లో ఏదో పరిశోధనలో ఉద్యోగం దొరికిందట. మత్తు అలవాట్లు ఆలుమగల మధ్య సఖ్యతను ఎట్లా మారుస్తాయో తెలుసుకునే పని. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, చేసుకోబోయేవాళ్ళు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన మగవాళ్ళు, వాళ్ళ భార్యలు, అందరికీ ఫోన్‌లో ఒక లింకు పంపుతారట, ఎవరి ఫోన్‌లో వాళ్ళు ఓ మూల కూర్చుని నొక్కేస్తే చాలట, ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదట. మా చర్చి సంఘంలోని కొన్ని జంటల నంబర్లు ఇప్పించమని నా దగ్గరికి వచ్చింది. ఫోన్ నా చేతిలో పెట్టి ప్రశ్నలు చూపిస్తుంటే, మూడో ప్రశ్న దగ్గర నా వేలు ఆగిపోయింది. గడిచిన నెలలో ఎన్ని రోజులు మత్తు పానీయం తీసుకున్నారు అని. నలభై ఏళ్ళ కిందట మందమర్రి కాలనీల్లో గుమ్మం గుమ్మానికీ తిరిగి నేను అడిగిన ప్రశ్నే అది.

అప్పటికి నాకు పెళ్ళయి మూడేళ్ళు. మా ఆయన బొగ్గుబావిలో పని చేసేవాడు, మాకు కాలనీలో రెండు గదుల క్వార్టర్ ఇచ్చారు. మా రెండు కుటుంబాలూ మిషను కాలం నుంచి మెథడిస్టులే. మా బాపు సంఘ పెద్ద. తాగుడు ముట్టనని యువకుల చేత బలిపీఠం ముందు ప్రమాణం చేయించేది ఆయనే, పెళ్ళికి ముందు మా ఆయన చేత చేయించింది కూడా ఆయనే. నేను పది దాటి చదివాననీ, నలుగురిలో మాట్లాడగలననీ ఎవరో చెప్పగా, పట్నం నుంచి వచ్చిన ఒక మేడం నన్ను పరిశోధన పనిలోకి తీసుకున్నారు. భార్యాభర్తల్లో ఒకరి తాగుడు ఆ ఇద్దరి బతుకునూ ఎట్లా మారుస్తుందో తెలుసుకోవాలని ఆవిడ పట్టుదల. నలభై ప్రశ్నల కాగితం, భర్తకు ఒకటి, భార్యకు ఒకటి.

పని చేసే పద్ధతి ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారేమో కానీ మేడం దాన్ని ఎంతో ఆలోచించి పెట్టారు. నాతోపాటు చెన్నూరు నుంచి ఒక అబ్బాయి ఉండేవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. ఇద్దరం కలిసి ఒక ఇంటికి వెళ్ళేవాళ్ళం. అతను భర్తను ముందు వాకిట్లో కూర్చోబెడితే నేను భార్యను వెనక నల్లా దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. ఒకే సమయంలో అడగాలి, ఒకరి మాట ఒకరికి వినబడకూడదు, లోపల ఎవరేం చెప్పారో రెండోవారికి ప్రాణం పోయినా చెప్పకూడదు. తన కాగితం అయిపోగానే అతను గోడకు ఆనించిన సైకిల్ బెల్లు ఒకసారి కొట్టేవాడు. అది మోగేదాకా నేను ఆ ఇల్లాలిని కూరలో చింతకాయ వేస్తారా, మామిడికాయ వేస్తారా అని అడుగుతూ కూర్చునేదాన్ని. పిల్లి కూనల్ని తిప్పినట్టు మేము వాకిలి మార్చి వాకిలి తిరుగుతుంటే కాలనీ ఆడవాళ్ళు మా వెనక బెల్లు సారు వచ్చిండు అని నవ్వుకునేవారు.

మొదటి రెండు వారాల కాగితాలు చూసి మేడం నిర్ఘాంతపోయారు. ఇంత పెద్ద కాలనీలో తాగే మగవాడు ఒక్కడూ లేడు! భర్తలు మేం తాగం అన్నారు, సరే, భార్యలు కూడా తాగడనే చెప్పారు. మేము కాగితాలు ఇంట్లోనే కూర్చుని నింపామా అని ఆవిడ అనుమానించే దాకా వచ్చింది, నాకు ఏడుపొచ్చింది. తీరా విచారిస్తే తప్పు మా ఇద్దరిదీ. చెన్నూరు అబ్బాయి ఇంట్లో చుట్టం వస్తే కల్లు ముంత ముందు పెట్టడం మర్యాద, అది తాగుడు కింద ఎందుకొస్తుందని అతను కల్లు మాటే ఎత్తలేదు. నాకేమో కల్లు వాసన తగిలినా పాపమని నేర్పిన ఇల్లు కాబట్టి, తాగుడు అంటే అందులో కల్లూ ఉందని అందరికీ తెలుసుననుకుని నేనూ విడిగా అడగలేదు. మళ్ళీ ప్రతి గడపా ఎక్కాం. ఒక ముసలామె నన్ను చూసి పకపకా నవ్వింది.

“కల్లు తాగుడెట్లయితది బిడ్డా? అది సలువకు. బాయిల దుమ్ము కడుపుల పోతది గద, దాన్ని దించనీకి తాగుతరు. నేను గూడ తాగుత. రాసుకో.”

రాసుకున్నాను. ఆ తర్వాత కాగితాలు ఎట్లా నిండాయో చెప్పనక్కరలేదు. కల్లు ఒప్పుకున్నాక సారా మాట దాచలేకపోయారు, కల్లుతో మొదలై సారా దాకా ఎవరెవరు ఎంత దూరం నడిచారో ఇంటింటా బయటపడింది. కానీ నన్ను పట్టుకుని ఊపేసింది అది కాదు. మా లైనుకు రెండు లైన్ల అవతల ఒక ఇల్లాలు ఉండేది, నా ఈడుదే. అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పింది. భర్తతో నెలలో ఎన్నిసార్లు గొడవ పడతారు అన్న ప్రశ్నకు మాత్రం, నిండిన బిందె పక్కకు జరిపి, చాలా మామూలుగా అన్నది:

“గొడవ ఏడిదక్కా? మాట్లాడుకుంటే గద గొడవ. మా ఇంట్ల ఏం లేదు.”

నేను గొడవ గడిలో సున్నా వేశాను. మేడం చెప్పిన లెక్క ప్రకారం గొడవ లేని కాపురం మంచి కాపురం. వెనక్కి వస్తుంటే నా సొంత కాగితం గుర్తొచ్చింది. శిక్షణలో మేము నలుగురిని అడగడానికి ముందు మా మా కాగితాలు మేమే నింపుకోవాలని మేడం నియమం పెట్టారు. అప్పుడు నా కాగితంలో మొదటి నుంచి చివరిదాకా నేను సున్నాలే వేసి ఇచ్చాను.

మీకు దాచేదేముంది. మా ఆయన తాగేవాడు. ఫస్ట్ షిఫ్ట్ ముగించుకుని ఇంటికి వచ్చేటప్పుడు నోట్లో లవంగం ఉండేది, నా ముఖం చూడకుండా నేరుగా స్నానానికి పోయేవాడు, నేనూ ఆయన ముఖం చూడకుండా పొయ్యి వైపు తిరిగేదాన్ని. మూడేళ్ళూ అంతే. నేను అడిగితే అది నిజమైపోతుంది, నిజమైతే బాపుకు చెప్పాలి లేదా బాపు ముందు అబద్ధమాడాలి, చెబితే మా ఆయనను ప్రభువు సంస్కారానికి, ఆ రొట్టెకూ ద్రాక్షరసానికీ, దూరం పెడతారు. అందుకని నోరు మూసుకున్నాను. నెలకోసారి ఆయన మోకరించి సంస్కారం తీసుకుంటుంటే నేను నేల చూసేదాన్ని. అది ఓపిక అని, భార్య ధర్మమని నన్ను నేను నమ్మించుకున్నాను కానీ, ఒట్టి పిరికితనం. మనిషి ఎదురుగా ఉండగానే మనిషిని పోగొట్టుకుంటున్నానని ఆ నల్లా దగ్గరే నాకు అర్థమైంది. పోగొట్టుకోకూడదని కూడా అక్కడే గట్టిగా అనుకున్నాను.

ఆ వచ్చే ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక, రెండు కాగితాలు అట్ట మీద పెట్టుకుని ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. భార్యగా అడగడానికి నాకు నోరు రాదు, అది నాకు తెలుసు. మేడం పని మీద వచ్చిన మనిషిగా అయితే వస్తుంది, రోజూ పరాయి ఇళ్ళలో అడిగేదే కదా. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఇంట్లో ఆయనను నేను ఇగో, వింటున్నవా అనడమే తప్ప మీరు అన్నది ఎప్పుడూ లేదు. గడిచిన నెలలో మీరు ఎన్ని రోజులు మత్తు పానీయం తీసుకున్నారు అని నేను అడగ్గానే ఆయన నవ్వబోయి, పిచ్చి లేసిందా నీకు అన్నాడు. నేను తల ఎత్తలేదు. అదే ప్రశ్న అదే గొంతుతో మళ్ళీ చదివాను.

“రోజూ,” అన్నాడు. “ఐతారం తప్ప.”

ఏది తాగుతారు అని తర్వాతి ప్రశ్న. కల్లుతోని మొదలైంది, ఇప్పుడు సారా అన్నాడు. రాస్తుంటే నా పెన్సిల్ మొన విరిగింది. ఇక ఆపేస్తానేమో అని ఆయన అనుకుని ఉండవచ్చు, నేను కూడా అదే అనుకున్నాను. కానీ ఆయన లేచి వెళ్ళి, గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, పెన్సిల్‌ను ఒక కొస కాదు, రెండు కొసలా చెక్కి నా చేతికిచ్చాడు. ఒకటి విరిగితే ఇంకోటి ఉంటది, అడుగు అన్నాడు. ఆ క్షణంలో ఆ మనిషి మీద నాకు పుట్టిన ప్రేమ పెళ్ళినాడు కూడా పుట్టలేదు, నిజం చెబుతున్నాను.

ఈ సంగతి మీ భార్యకు తెలుసా అన్న ప్రశ్నకు, ఎరుకే, ఎరుక లేనట్టు ఉంటది అన్నాడు. అదీ రాశాను. నలభై ప్రశ్నలూ అయ్యాక చేయి చాపి, ఇగ నీ కాయితం ఇటియ్యి, నేనడుగుత అన్నాడు. కూడబలుక్కుంటూ చదివాడు. మీ భర్త అంటే మీకు భయమా అని ఆయన అడిగితే, భయం లేదు, కోపం ఉంది, మూడేండ్ల కోపం ఉంది అని నేను చెప్పాను. ఆయన ఆ మాటను ఒక్క అక్షరం పొల్లుపోకుండా మార్జిన్‌లో రాసుకున్నాడు, ఎందుకంటే కోపానికి మేడం గడి పెట్టలేదు.

ఆ ఒక్క ఆదివారంతో అంతా చక్కబడిందని చెబితే అబద్ధం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేము ఆ ప్రశ్నలు ఒకరినొకరం అడిగేవాళ్ళం, అంతకుమించి ఆ పూట వేరే పని పెట్టుకునేవాళ్ళం కాదు. ఒక వారం తాగిన రోజులు తగ్గేవి, ఇంకో వారం మళ్ళీ పెరిగేవి. ఒకసారి మానేశాననుకుని పండగ బట్టలు కూడా కొనుక్కున్నాడు, తోటివాళ్ళతో పోయి మళ్ళీ తాగొచ్చాడు, ఆ ఆదివారం కాగితం ముందు కూర్చోనని మొండికేశాడు. నేను అట్ట పట్టుకుని ఆయన ఎదురుగానే కూర్చున్నాను. టీ పెట్టడానికి కూడా లేవలేదు. పొద్దు వాలాక ఆయనే వచ్చి కూర్చున్నాడు. మధ్యలో ఎవరో చెప్పగా బాపు బస్సెక్కి వచ్చి, ఆ కాగితాలు చూపించమని, సంఘం ముందు పెట్టాల్సిన విషయమని కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి బాపుకు ఎదురు చెప్పాను.

“ఆ కాయితం మా ఇద్దరిది బాపు. సంఘంది గాదు. చూపియ్య.”

బాపు ఆ పూట అన్నం తినకుండా వెళ్ళిపోయారు. అదే సంవత్సరం చివర్లో మళ్ళీ వచ్చినప్పుడు, మా ఆయన తానే బాపు పక్కన కూర్చుని, ఎవరూ అడగకుండానే, మొత్తం చెప్పుకున్నాడు. ఆ తర్వాతి ఎండాకాలం నుంచి ఆయన మూడో ప్రశ్న గడిలో సున్నా పడింది, చివరిదాకా అది సున్నాగానే ఉంది. మేడం పుస్తకం ఇంగ్లీషులో అచ్చయిందని విన్నాను, నేను చూడలేదు. మా ఇంటి కాగితాలు అందులో లేవు, ఉండకూడదు కూడా. ఆయన రిటైరయ్యాక కరీంనగర్ వచ్చి స్థిరపడ్డాం. ఆయన పోయి నాలుగేళ్ళు. ప్రశ్నలన్నీ నోటికి వచ్చేశాయి కాబట్టి చివరి రోజుల్లో కాగితం కూడా అవసరం పడలేదు, ఆస్పత్రి మంచం మీద కూడా ఆదివారం అని గుర్తుపెట్టుకుని, నువ్వడగవా అని ఆయనే అడిగాడు.

ఇదంతా మనవరాలికి చెప్పలేదు. ఫోన్ తిరిగి ఇస్తూ ఒక్కటే అడిగాను, ఈ లింకు నువ్వూ నీ పెనిమిటీ నింపిండ్రా అని. పిల్ల ఫోన్ తీసుకుని, శుభ్రంగా ఉన్న తెరనే కొంగుతో మళ్ళీ తుడిచింది.

“మా ఇంట్ల ఏం లేదు అమ్మమ్మా.”

ఎన్ని ఇళ్ళలో విన్న మాట అది. నా ఇంట్లో నేనే రాసిన మాట. ఇప్పుడు ప్రశ్నలు ఎంత దూరమైనా పోతున్నాయి, దుబాయి గదిలో ఒంటరిగా ఉన్నవాడిని కూడా క్షణంలో అడగగలుగుతున్నాయి, అది మంచిదే, మేము కాళ్ళరిగేలా తిరిగినా అంతమందిని అందుకోలేకపోయాం. కానీ ఒకరి ముఖం చూస్తూ అడగడం పోయింది, జవాబు వచ్చేదాకా ఎదురుగా కూర్చోవడం పోయింది. అబద్ధం నొక్కినా ఆ ఫోన్ ఏమీ అనుకోదు, థ్యాంక్స్ చెప్పి తర్వాతి ప్రశ్నకు పోతుంది. నాకు అది తలచుకుంటే దిగులు వేస్తుంది.

నంబర్లు తర్వాత ఇస్తా, ముందు గిట్ల కూసో అన్నాను. బీరువాలోంచి అట్టా, అందులో మిగిలిపోయిన రెండు ఖాళీ కాగితాలూ తెచ్చాను. ఒకటి నీకు, రెండోది ఇంటికి తీసుకపో అన్నాను. కాగితాల మధ్య ఆయన రెండు కొసలా చెక్కి పెట్టిన ఆఖరి పెన్సిల్ ఉంది, నాలుగేళ్ళుగా దాన్ని ముట్టుకోలేదు. మొదటి రెండు ప్రశ్నలకూ పిల్ల గబగబా చెప్పేసింది. మూడో ప్రశ్న చదివాను. మీ భర్త గడిచిన నెలలో ఎన్ని రోజులు అని. పిల్ల గేటు వైపు చూసింది, నా వైపు చూసింది. నేను అదే గొంతుతో మళ్ళీ చదివి, ఆయన పెన్సిల్ పట్టుకుని, ఆమె చెప్పేదాకా కూర్చున్నాను.