నీళ్ళు తగలని చీజ్‌బోర్డు

2023 మే నెల. శ్రీకాకుళంలో మా ఇంటి ముందు గదినే కొట్టుగా మార్చి నేను చల్లటి తిండి వ్యాపారం పెట్టి అప్పటికి కొన్నేళ్ళయింది. చల్లటి తిండి అంటే ఐస్‌క్రీమ్ అనుకుంటారు చాలామంది. కాదు. పెద్ద హోటళ్ళలో పొయ్యి లేని వంటగది ఒకటి ఉంటుంది, దాన్ని కోల్డ్ కిచెన్ అంటారు. సలాడ్లు, శాండ్‌విచ్‌లు, చీజ్‌బోర్డులు అక్కడే తయారవుతాయి. విశాఖపట్నంలో ఒక హోటల్లో అలాంటి గదిలో పదేళ్ళు చలికి వణుకుతూ పనిచేసి, మోకాళ్ళు పట్టేశాక ఊరికి వచ్చేశాను.

చీజ్‌బోర్డు అంటే పెద్ద విద్యేమీ కాదు. ఒక చెక్క పలక మీద మూడు రకాల చీజ్, పక్కన క్రాకర్లనే కరకరలాడే బిస్కట్లు, పళ్ళు, పప్పులు, కాస్త తేనె. ఇంటికి వచ్చిన నలుగురూ కబుర్లు చెప్పుకుంటూ ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుని తింటారు. మా ఊళ్ళో చీజంటే పిజ్జా మీద సాగేదే. మొదటిసారి ఒక షావుకారు గారింట్లో బోర్డు పెడితే ఆయన అటూ ఇటూ చూసి, "అంతా బాగున్నాది గానీ అమ్మా, అన్నం ఎప్పుడొస్తాది?" అని అడిగారు. అలాంటివి విని విని నాకు నవ్వు రావడం కూడా మానేసింది.

ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పేరు దమయంతి అన్నారావిడ. ఊరు ఉద్దానంలో. హైస్కూల్లో తెలుగు టీచర్‌గా చేసి, జబ్బు వల్ల మానేశానన్నారు. గొంతులో నీరసం ఉంది కానీ మాట మాత్రం క్లాసులో నిలబడి చెప్పినట్టే ఉంది.

"మీ బోర్డు ఫొటో ఫోన్లో సూసేనమ్మా. అందులో వండింది ఏటీ ఉండదు కదా?"

"ఉండదండి."

"నానబెట్టింది?"

"లేదండి."

"కడిగింది?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "ద్రాక్షపళ్ళు కడుగుతాం కదండీ" అన్నాను.

"అయితే ద్రాక్ష తీసెయ్యి. మా ఇంటి నీళ్ళు సుక్క తగలకూడదు. పలక కూడా నీ ఊళ్ళోనే తుడుసుకుని తెచ్చెయ్."

ఉద్దానం గురించి మా జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సముద్రం పక్కన కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమ అది. చూస్తే కళ్ళు చల్లబడతాయి. ఆ పచ్చదనం మధ్యనే ఊరూరా కిడ్నీ రోగులున్నారు. ఆ జబ్బు ఎందుకొస్తోందో, కారణం ఇదీ అని ఎవరూ తేల్చి చెప్పలేదు. తేలనప్పుడు మనిషికి దేనిమీదో ఒకదాని మీద అనుమానం ఉండాలి, అది నీళ్ళ మీద పడింది. ఇప్పుడు దూరం నుంచి పైపుల్లో వేరే నీళ్ళు వస్తున్నా ఆ అనుమానం పోలేదు. పొరుగూళ్ళ చుట్టాలు సీసాలు పట్టుకుని వస్తారు, పట్టుకునే వెళ్తారు.

ఇల్లు చూడకుండా నేను బోర్డు ఒప్పుకోను. ఫ్రిజ్‌లోంచి తీసిన చీజ్‌ని కాసేపు బయట పెట్టాలి, చల్లదనం పోయాకే దాని రుచి నాలుకకి తెలుస్తుంది. దీన్ని టెంపరింగ్ అంటాం. హోటల్లో ఏసీ గదిలో తీరిగ్గా చేసే పని అది. ఉద్దానం ఎండలో కాస్త ఆలస్యమైతే చీజ్ నూనె కక్కి చెమట పట్టిన మొహంలా అయిపోతుంది. అందుకని ఎండ ఎటు పడుతుందో, ఫ్యాన్ ఎక్కడుందో చూడటానికి బస్సెక్కి వెళ్ళాను.

పెంకుటిల్లు, ముందు పెద్ద అరుగు, పక్కన కాయలతో బరువెక్కిన పనసచెట్టు. దమయంతి టీచర్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. యాభై కూడా నిండలేదు, కానీ ముఖం మసిబారిపోయింది. ఎడమ చేతి మీద డయాలసిస్ సూదులు గుచ్చే నరం తాడులా ఉబ్బి ఉంది. ఆవిడ భర్త గురువులు గారు నాకు ఇంకో కుర్చీ వేశారు. మంచినీళ్ళు కావాలా అని ఆవిడా అడగలేదు, ఆయనా అడగలేదు. మా వైపు ఇంటికొచ్చిన మనిషిని అలా కూర్చోబెట్టరు. అడిగి కాదనిపించుకునే ఓపిక వాళ్ళకి అయిపోయిందని నాకు అర్థమైంది. నా సంచీలోనూ సీసా ఉంది.

"ఎవరొస్తున్నారండీ?" అని అడిగాను.

"మా స్టాఫే. ముగ్గురు. ఒకప్పుడు బడి వదిలితే ఈ అరుగు మీదే ఉండీవోరు. నేను ఏటి వండితే అది తినీవోరు. మా హిందీ టీచర్ నర్సమ్మయితే గిన్నె అడుగు కూడా వదిలీది కాదు." చెబుతూ నవ్వారు. "నాకిది వచ్చినకాడి నుంచీ కూడా వస్తన్నారు, రావడం మానలేదు. వచ్చి, 'ఇప్పుడే తినీసి వచ్చేం' అంతారు. ఒళ్ళో సీసా పెట్టుకుని కూకుంటారు. నాకు తెలీదేటి?"

"మీకు కోపం రాదా?"

"ఎందుకమ్మా? వాళ్ళ భయం అబద్ధమా? మా సైన్సు మాస్టారి అన్న ఈ జబ్బుతోనే పోయేడు. ఆయన్ని తాగమని నేనెలాగ అంతాను?" నోట్లో ఏదో అటు నుంచి ఇటు మార్చుకున్నారు. దాహం ఆపుకోడానికి లవంగం పెట్టుకుంటారట. రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరు కొలత పెట్టారు. "నర్సమ్మ ఈ నెలతో రిటైరైపోతన్నాది. శృంగవరపుకోటలో సెల్లెలి దగ్గరకి ఎల్లిపోతాది. అది ఎల్లీలోగా ఒక్కపాలి నా ఇంట్లో సెయ్యి పెట్టి తినాల. ఇంకేటీ అక్కర్లేదు నాకు."

ఏమేం పెట్టాలో ఇద్దరం కూర్చుని అనుకున్నాం. చీజ్, క్రాకర్లు, తేనె ఎలాగూ నా దగ్గరి నుంచే వస్తాయి. జీడిపప్పు పలాసది వేయించి తెస్తానన్నాను. పళ్ళు అనేసరికి ఆవిడ చెట్టు వైపు చూపించారు.

"మా పనస పెట్టు. కడిగే పని లేదు. తొనలు నువ్వే నూనె రాసుకుని వొలుసుకో." మళ్ళీ చెట్టునే చూస్తూ, "ఆ సెట్టు తాగీది కూడా ఈ నీళ్ళేనమ్మా. ఇక్కడ జీడిపప్పు ఏ దేశమోళ్ళయినా తింతారు. సెట్టుకి ఎవరూ భయపడరు" అన్నారు.

అన్నీ రాసుకున్నాక, "మరి మీరేం తింటారండీ ఇందులో?" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. చీజ్‌లో ఉప్పు, అది ఆవిడకి విషం. డయాలసిస్ మనిషికి జీడిపప్పు కూడదు. పనస కూడదు. ఇన్నేళ్ళు చేసిన పనిలో ఇంటావిడ ఒక్కటీ ముట్టుకోలేని బోర్డు నేను ఎప్పుడూ సర్దలేదు.

"నేను సూస్తాను" అన్నారావిడ.

అనుకున్న సాయంత్రం ఎండ తగ్గేవేళకి ఐస్‌పెట్టె మోసుకుని వెళ్ళాను. లోపలి గదిలో ఫ్యాన్ కింద బోర్డు సర్దాను. ముందు గిన్నెలు పెడతాం, వాటిని యాంకర్లంటాం. మిగతాదంతా ఆ గిన్నెల చుట్టూ సర్దుకుంటుంది. ఒక గిన్నెలో తేనె, ఒకదాంట్లో జీడిపప్పు. చీజ్‌లలో బాగా మాగిన చెడ్డార్ గట్టిది, ఉప్పు ఎక్కువది. గౌడా కాస్త తియ్యటిది. కామెంబెర్ తెల్లటి తోలు కప్పుకున్న మెత్తటిది. పక్కన పనస తొనలు, తాటి తాండ్ర ముక్కలు. పనస వాసన ముందు నా విదేశీ చీజ్ మూగబోయింది.

"పనస తప్ప ఇవన్నీ నీ ఊరి నుంచి తయారుగా తెచ్చినవేనని నువ్వే సెప్పమ్మా. నేను సెప్తే బాగోదు" అని టీచర్ నాకు ముందే చెప్పి ఉంచారు.

ముగ్గురూ వచ్చారు. నర్సమ్మ టీచర్ భారీ మనిషి, గొంతు వీధి చివరికి వినబడుతుంది. సైన్సు మాస్టారు సన్నగా, బెరుగ్గా ఉన్నారు. లెక్కల టీచర్ చిన్నపిల్ల, కొత్తగా పెళ్ళయింది. మాస్టారి చేతిలో ఒక సీసా, లెక్కల టీచర్ చేతిలో ఒకటి, నర్సమ్మ భుజాన పెద్ద సంచీ. మామూలుగానే మాస్టారు, "ఇప్పుడే తిని..." అని మొదలెట్టారు. నేను టీచర్ నేర్పిన పాఠం అప్పజెప్పేశాను. పనస తప్ప అన్నీ శ్రీకాకుళంలోనే సిద్ధం చేసి తెచ్చినవని, ఇక్కడ కడిగినవేమీ లేవని. మాస్టారి భుజాలు కిందికి దిగడం నాకు కనబడింది. ఆయన తలెత్తి దమయంతి టీచర్ వైపు మాత్రం చూడలేకపోయారు.

"ఇదేటే దమయంతీ, సబ్బుబిళ్ళలు పెట్టించేవేటి?" అని నర్సమ్మ కామెంబెర్‌ని వేలితో పొడిచింది.

"తిని సూడవే ముందు."

"కంపు కొడతన్నాది."

"పనసపండు దగ్గర కూకుని కంపంతావేటే!"

అందరూ నవ్వారు. తర్వాత తిన్నారు. మొదట మొహమాటంగా, ఆ తర్వాత మొహమాటం లేకుండా. మాస్టారు చెడ్డార్ వదల్లేదు. లెక్కల టీచర్ గౌడా మీద తేనె వేసుకుని, దాని మీద తాండ్ర పెట్టుకుని కొత్త వంటకం కనిపెట్టింది. పాత హెడ్మాస్టర్ని అనుకరించారు, స్కూలు కబుర్లన్నీ తవ్వారు. దమయంతి టీచర్ కుర్చీలో ముందుకి వంగి, బోర్డు మీదికి వెళ్ళే ప్రతి చేతినీ చూస్తున్నారు.

ఒక చీజ్‌కీ ఇంకో చీజ్‌కీ మధ్య నోరు శుభ్రపడటానికి ఓ గుక్క నీళ్ళు ఇస్తారు. ప్యాలెట్ క్లెన్జర్ అంటాం. ఆ రోజు నేను నీళ్ళు తేలేదు. ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకుంటారని టీచరే అన్నారు. కానీ అది మే నెల, తింటున్నది ఉప్పు. కాసేపటికి లెక్కల టీచర్ సీసా ఎత్తి ఆఖరి చుక్కలు దులుపుకుంది. మాస్టారి సీసా అంతకుముందే అయిపోయింది. ఆయనకి క్రాకర్ పొడి గొంతులో పడి దగ్గు మొదలైంది. దగ్గుతూనే చేయి అడ్డంగా ఊపి ఏమీ లేదు, ఏమీ లేదు అంటున్నారు. గదిలో నవ్వులు ఆగిపోయాయి. నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు.

గురువులు గారు లేచి చెప్పులు వేసుకున్నారు. "కొట్టుకెళ్ళి సీసాలు తెస్తాను."

అప్పుడు నర్సమ్మ, "ఒసే దమయంతీ, నా గొంతు ఎండిపోతన్నాదే. నీళ్ళియ్యి" అంది.

"తెస్తన్నాను కదా అక్కా, కొట్టు దగ్గరే" అన్నారు గురువులు గారు.

"అందాకా ఎవరుంతారు? ఆ కుండలోవి ముంచి ఇయ్యవే."

దమయంతి టీచర్ కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. నేను సాయం వెళ్ళబోతే కళ్ళతోనే వద్దన్నారు. కుండ దగ్గరికి వెళ్ళి గ్లాసు నిండా ముంచి, రెండు చేతులతో పట్టుకుని వచ్చారు. కొంచెం నేల మీద ఒలికాయి. నర్సమ్మ గ్లాసు ఎత్తి పట్టి గటగటా తాగింది. ఆ గొంతు కదలడాన్ని దమయంతి టీచర్ రెప్ప వెయ్యకుండా చూశారు.

"సల్లగున్నాయా?"

"సల్లగున్నాయి. ఇంకో గ్లాసియ్యి."

రెండో గ్లాసు కూడా ఆవిడే తెచ్చారు. నోట్లో లవంగం అటు నుంచి ఇటు కదిలింది. "నువ్వు తాగితే నా గొంతూ తడిసినట్టే ఉన్నాదే" అన్నారు. నర్సమ్మ ఆ గ్లాసూ ఖాళీ చేసింది. మాస్టారు దగ్గు ఆపుకుని తల వంచుకున్నారు. ఆయన తాగలేదు. లెక్కల టీచర్ కూడా తాగలేదు. దమయంతి టీచర్ గురువులు గారి వైపు తిరిగి, "మాస్టారికి ఆ సీసా తెచ్చియ్యి, పాపం ఎక్కిళ్ళు కూడా వస్తాయి" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు వీసమెత్తు లేదు.

తిరుగు బస్సులో ఖాళీ పలక ఒళ్ళో పెట్టుకుని నేను తెగ పొంగిపోయాను. మాగిన చెడ్డార్‌లో ఉప్పు ఎక్కువ, అదే నర్సమ్మ చేత నీళ్ళు అడిగించింది, నా బోర్డే ఆ పని చేసిందని. వంట పనిలో ఉన్నవాళ్ళకి ఇదొక జబ్బు. మనుషుల మధ్య ఏం జరిగినా అది తిండి వల్లే జరిగిందనుకుంటాం.

ఆ చలికాలం దాటకుండానే దమయంతి టీచర్ పోయారు. శృంగవరపుకోట నుంచి నర్సమ్మే ఫోన్ చేసి చెప్పింది. ఏం మాట్లాడాలో తెలియక, ఆ రోజు ఉప్పు చీజ్ పెట్టడం మంచిదైంది, మీరు నీళ్ళడిగారు, ఆవిడ ఎంత సంతోషించారో అని ఏదో వాగాను.

నర్సమ్మ మధ్యలోనే ఆపింది.

"ఉప్పేటి సెల్లీ? నాకు దాహం ఎక్కడిది? నా సంచీలో సీసా నిండానే ఉన్నాది."

ఆ రోజు ఆవిడ భుజానున్న పెద్ద సంచీ నాకు గుర్తొచ్చింది.

"అది ఆ పలక కాడ కూకుని మా సేతులు సూస్తన్నాది సూడు, అది సూసి తట్టుకోలేకపోయేను. భయం లేదనుకున్నావేటి? అన్నాళ్ళూ భయపడే కదా దాని సెంబు ముట్టలేదు. ఆ రోజు కూడా భయపడతానే తాగేను. ఇంటికెళ్ళి రాత్రంతా నిద్దర్లేదు." ముక్కు చీదుకుంది. "ఇంకా ముందే తాగీవలసింది."

ఆ తర్వాత చాలా ఇళ్ళలో బోర్డులు పెట్టాను, విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ఐస్‌పెట్టె దింపగానే, పలక తియ్యకముందే, ఇంటావిడని ఒక గ్లాసు మంచినీళ్ళు అడుగుతాను. దాహం ఉన్నా, లేకపోయినా.